పెద్దల గదిలోకి పిలిచిన రోజు

నా కాళ్లకు దండం పెట్టడానికి ఒక కొత్త కోడలు వంగితే నేను గబుక్కున పక్కకు తప్పుకున్నాను. నా వెనక ఎవరో పెద్దవాళ్లు ఉన్నారనీ, నేనే అడ్డంగా నిలబడ్డాననీ అనుకున్నాను. తిరిగి చూస్తే వెనక ఎవరూ లేరు. కొత్తగా సున్నం వేసిన గోడ ఉంది, అంతే. “మీకేనండీ” అంది ఆ అమ్మాయి, వంగినది వంగినట్టే ఉండి. ఏమని దీవించాలో నోటికి రాలేదు. “బాగా ఉండమ్మా” అన్నాను, బళ్లో పిల్లలకు ప్రోగ్రెస్ కార్డు ఇచ్చేటప్పుడు అన్నట్టు. తల మీద చెయ్యి పెట్టాలన్న సంగతి ఆ అమ్మాయి వెళ్లిపోయాక గుర్తొచ్చింది.

అది ఎనభైల్లో ఒక వేసవి. నర్సీపట్నంలో మా పెద్ద తమ్ముడు ఇల్లు కట్టుకుని గృహప్రవేశం పెట్టుకున్నాడు. నాకప్పటికి ముప్ఫై తొమ్మిదేళ్లు. పెళ్లి కాలేదు. ఆ ఊళ్లోనే ప్రాథమిక పాఠశాలలో టీచరుగా పనిచేసేదాన్ని. నా ఇరవై రెండో ఏట అమ్మ పోయింది. అప్పటినుంచి ఇద్దరు తమ్ముళ్లకూ తలంట్లు పోయడం దగ్గర్నుంచి పెళ్లిపీటల మీద కూచోబెట్టేదాకా నా చేతి మీదే జరిగింది.

గొలుగొండ నుంచి, కోటవురట్ల నుంచి, పాయకరావుపేట నుంచి చుట్టాలంతా దిగారు. కొందరు బస్సుల్లో వచ్చారు, ఒక గుంపు ట్రాక్టరు తొట్టెలో వచ్చింది. అరవై మందికి పైనే ఉంటారు. బాబాయి పోయాక మా వాళ్లంతా ఒకచోట చేరడం అదే మొదటిసారి. బాబాయి అంతకు ముందు చలికాలంలో పోయాడు. ఆయనకు ముందు పెదనాన్న, పెదనాన్నకు ముందు మా నాన్న. ఆ తరంలో ఇక మిగిలింది మా మేనత్త ఒక్కతే. నాన్నకు అక్క, గొలుగొండలో ఉండేది. ఇవతలి తరంలో అందరికంటే ముందు పుట్టింది నేను. ఈ సంగతి నాకు తెలియదని కాదు. హాజరుపట్టీలో మన నంబరు మనకు తెలిసినట్టు తెలుసు. దాని అర్థమేమిటో ఎప్పుడూ ఆలోచించలేదు.

తెల్లవారకముందే పాలు పొంగించడం అయింది. నేను అలవాటు ప్రకారం కొంగు దోపుకుని వంటల దగ్గరికి వెళ్లాను. ఎన్ని శుభకార్యాల్లోనో నా పని అదే. కూరలు తరిగేదాన్ని, వడ్డించేదాన్ని, పిల్లల ముక్కులు తుడిచేదాన్ని. మా తమ్ముడి భార్య నా చేతిలో కత్తిపీట లాగేసుకుంది.

“మీరెల్లి కూచోండి వదినగారూ. పెద్దోళ్లు మీరు పన్లు సెయ్యడమేటి? మమ్మల్ననుకుంటారు.”

నన్ను ముందుగదిలోకి తీసుకెళ్లి నవారు మంచం మీద, మేనత్త పక్కన కూచోబెట్టింది. ఇంట్లో దిగిన మొదటి కాఫీ మా ఇద్దరికీ వచ్చింది. మేనత్త తన గ్లాసు ఊదుకుంటూ తాగింది. నేను నాది పట్టుకుని కూచున్నాను. ఇంతమంది తాగకముందే కాఫీ నా చేతికి రావడం అదే మొదటిసారి. నా పనేమిటో తెలియక గుమ్మానికి కట్టిన మామిడాకులు లెక్కపెట్టాను.

భోజనాల్లోనూ అంతే. మొదటి బంతిలో మేనత్త పక్కన నా విస్తరి వేశారు. వేసవి కాబట్టి గొలుగొండ వాళ్లు తెచ్చిన పచ్చి జీడిపప్పుతో కూర వండారు. వడ్డించింది మా పెదనాన్న మనవరాలు. పెదనాన్న కూతురు నాకు ఏడాది చిన్న, నాకు చెల్లెలి వరస. దానికి పదహారేళ్లకే పెళ్లి చేసి పాయకరావుపేట ఇచ్చారు. ఈ పిల్ల దాని పెద్ద కూతురు, ఇరవయ్యేళ్లది. ఆ ఏడే డిగ్రీ అయింది. టీచరు ట్రైనింగు చదవాలని దానికి కోరిక. ఆ ఫారం మా ఇంట్లో నా బల్ల మీదే నింపాం. నా పెన్నుతో నింపాం.

కూర వేస్తూ నా చెవి దగ్గరకు వంగి, “పెద్దమ్మా, కాయితం ఇంకా రాలేదు. ఆఖరి తేదీ దగ్గరకొచ్చేస్తోంది” అంది.

“వస్తుందిలే. పోస్టు ఆలస్యమై ఉంటుంది” అన్నాను.

“రాకపోతే?”

“రాకపోవడమేమిటి, నీ మార్కులకి?”

నవ్వింది. పక్క విస్తరి దగ్గరికి వెళ్తూ కూడా నవ్వుతూనే ఉంది.

భోజనాలయ్యాక జనమంతా చాపల మీద వాలిపోయారు. కొత్త గచ్చు చల్లగా ఉంది. నేనూ కాసేపు నడుం వాల్చుదామని చోటు వెతుక్కుంటుంటే మా పెద్ద తమ్ముడు వచ్చాడు.

“అక్కా, ఓసారి లోపలికి రా. అందరూ నీకోసం సూస్తన్నారు.”

“ఎవరందరూ?”

“పెద్దోళ్లం” అన్నాడు. అని తనే కొంచెం సిగ్గుపడ్డాడు.

మా కుటుంబంలో లోపలి గది అంటే ఒక అర్థం ఉంది. పాత పెంకుటింట్లో వెనకవైపు చీకటి గది ఒకటి ఉండేది. ఎవరి పెళ్లి కుదిర్చినా, ఎవరి చదువు మాన్పించినా, అన్నదమ్ములు పొలం పంచుకున్నా ఆ గదిలోనే తేలేది. నాన్న, పెదనాన్న, బాబాయి, మేనత్త లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేవారు. మేం బయట అష్టాచెమ్మా ఆడుకుంటూ ఉండేవాళ్లం. గంటకో రెండు గంటలకో బయటికొచ్చేవాళ్లు. జరగబోయేదేమిటో మాకు చెప్పేవాళ్లు. ఎందుకో చెప్పేవాళ్లు కాదు. మేం అడిగేవాళ్లమూ కాదు.

నా గురించి కూడా ఒకసారి ఆ తలుపు వేసుకున్నారు. డెబ్భైల మొదట్లో సంగతి. అమ్మ పోయి మూడేళ్లయింది. నాకు ఇరవై అయిదు. కోటవురట్ల హైస్కూల్లో సైన్సు చెప్పే మేష్టారు ఒకాయన నన్ను చూసుకోవడానికి వచ్చారు. తల్లినీ, మేనమామనీ వెంట తీసుకొచ్చారు. మేనమామగారు అడగాల్సినవన్నీ అడిగారు. మేష్టారు మాత్రం మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెడుతూ నన్ను ఒక్కటే అడిగారు.

“మీరు ఏ క్లాసుకు చెప్తున్నారండీ?”

“మూడో తరగతికండీ.”

“అమ్మో. మూడో తరగతే కష్టం. పదో తరగతి వాళ్లు భయపడతారు. వీళ్లు దేనికీ భయపడరు.”

నాకు నవ్వొచ్చింది. పెళ్లిచూపుల్లో పైకి నవ్వేశాను. మేనత్త ఉరిమి చూసింది. ఆయన మాత్రం వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, నాకేసి తిరిగి నమస్కారం పెట్టి వెళ్లారు. ఆ పది రోజులూ నేను ఎలా ఉన్నానో ఇప్పుడు చెప్పుకోవడానికి నాకే మొహమాటంగా ఉంది. బళ్లో బోర్డు మీద తేదీ వేస్తూ పాట పాడుకుంటున్నానని పిల్లలు నవ్వారు.

పది రోజులయ్యాక పెద్దవాళ్లు లోపలి గదిలో కూచున్నారు. తర్వాత మేనత్త పెరట్లోకి వచ్చింది. నేను చింతపండు గింజలు తీస్తున్నాను. నా ఎదురుగా కూచుని తనూ ఒక గుప్పెడు అందుకుంది.

“ఆళ్లు ఒద్దన్నారే. పిల్ల నలుపన్నారంట.”

 చింతపండు పని అయ్యేదాకా ఇద్దరం అక్కడే కూచున్నాం.

ఆ రోజు తర్వాత నేను లేత రంగు చీర కట్టలేదు. పొద్దున్న ఎనిమిదింటికి కూడా గొడుగు వేసుకుని బడికి వెళ్లేదాన్ని. ఏటా బళ్లో ఫొటో తీస్తే వెనక వరసలో, ఎవరి భుజం చాటునో నిలబడేదాన్ని. తర్వాత రెండు సంబంధాలు వచ్చాయి. వాళ్లు నన్ను చూడకముందే నేనే వద్దన్నాను. ఇంకోసారి ఆ మాట వినలేననుకున్నాను. తమ్ముళ్లు చిన్నవాళ్లు కదా అని పైకి చెప్పాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

ఇదంతా జరిగి పద్నాలుగేళ్లయ్యాక, మా తమ్ముడి కొత్త ఇంట్లో, సున్నం వాసన పోని ఒక గదిలోకి నన్ను పిలిచారు. మంచం మీద మేనత్త కూచుని ఉంది. మా చెల్లెలు గోడకు ఆనుకుని నిలబడింది. దాని మొగుడు, నాకు మరిది వరస, కుర్చీలో కూచున్నవాడు నన్ను చూసి లేచి కుర్చీ నాకిచ్చాడు. తమ్ముడు తలుపు వేసి గెడ పెట్టాడు.  జీవితంలో మొదటిసారి నేను ఆ తలుపుకు లోపలివైపు ఉన్నాను.

మరిది జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నాకిచ్చాడు.

“వదినగారూ, ఇది మొన్న మంగళవారం వచ్చిందండి.”

విప్పి చదివాను. పిల్లకు విశాఖపట్నంలో ట్రైనింగు సీటు వచ్చింది. వచ్చే శుక్రవారంలోగా వెళ్లి చేరాలి. నాకు సంతోషం పట్టలేకపోయింది. “చూశారా, నేను చెప్పలేదూ!” అని లేచి నిలబడ్డాను. “మంగళవారం వస్తే దానికి చెప్పలేదేం? పాపం ఇందాక కూడా అడిగింది.”

 మా చెల్లెలు తల దించుకుంది.

“తునిలో సంబంధమొకటి వచ్చిందండి,” అన్నాడు మరిది. “కుర్రాడు బ్యాంకులో చేస్తున్నాడు. శ్రావణంలో పెళ్లి చేసేయమంటున్నారు. పిల్లను ఏడాది పాటు హాస్టల్లో ఉంచితే వాళ్లు ఆగరు. ఈ కాగితం సంగతి తెలిస్తే ఇది పెళ్లికి ఒప్పుకోదు. మీరొక్క మాట చెప్పాలి.”

“ఏమని?”

“సీటు రాలేదని. నేను చెప్తే పోస్టాఫీసుకెళ్లి అడుగుద్ది. మీరు టీచరు, ఫారం మీరే నింపించారు. మీరు చెప్తే మారు మాటాడదు.”

నేను మా తమ్ముడి వైపు చూశాను. వాడు నేలకేసి చూస్తూ, “దాని మంచికే కదక్కా” అన్నాడు.

 అలవాటు కొద్దీ మేనత్త కేసి చూశాను. ఇలాంటి చోట ఆఖరి మాట ఆవిడదే. మరిది కూడా ఆవిడ వైపే తిరిగాడు. “పోనీ అత్తగారూ, మీరేనా చెప్పండి దానికి. వదినగారికి మొహమాటమైతే.”

“నాను సెప్పను,” అంది మేనత్త. “ఇలాటి మాట ఓపాలి సెప్పినాను, సాలు.”

“ఎవరికి చెప్పావత్తా?” అన్నాను. ఏదో మాట వరసకు అడిగాను. కాగితం మడత పెట్టుకుంటూ అడిగాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. “నీకే.”

నాకు అర్థం కాలేదు.

“కోటవురట్ల మేష్టరు ఒద్దన్లేదే. రెండు పాల్లు కబురెట్టేడు. మేమే ఒద్దన్నాం.”

“నల్లగా ఉన్నానని...”

“ఆళ్లన్లేదు. నానే అన్నాను. ఏదో ఒకటి సెప్పాల కదా మరి. అప్పుటికి నోటికేటొస్తే అది సెప్పీసినాను.”

గదిలో ఫ్యాను తిరుగుతోంది. బయట పిల్లలెవరో గెంతుతున్నారు. ఆ చప్పుళ్లన్నీ నాకు స్పష్టంగా వినిపిస్తున్నాయి గాని, నా చేతిలో కాగితం ఉన్నట్టు మాత్రం తెలియడం లేదు. నోటికేదొస్తే అది. ఎండలో గొడుగు లేకుండా నడవని పద్నాలుగేళ్లు. మేనత్త చేతులు తన ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆ చేతులు చూశాను. ఆవిడ నాకంటే నలుపు. మా ఇంట్లో అందరిదీ అదే రంగు. ఇన్నేళ్లలో నాకు ఆ సంగతి తట్టనేలేదు.

నాకంటే ముందు మా తమ్ముడు మాట్లాడాడు. ఆ సంబంధం వచ్చినప్పుడు వాడికి పదిహేడేళ్లు. వాడికీ ఇదే మొదటిసారి వినడం.

“ఎందుకత్తా అలా సేసారు?”

“ఎందుకేటి? నీ కోసం, ఆ సిన్నోడి కోసం. మీ అమ్మ పోయింది. ఇది కూడా ఎల్లిపోతే మీకు కూడొండి ఎట్టేదెవులు? మీ నాన్న తాలూకా కచేరీకి ఎల్తాడా, కుంపటి కాడ కూకుంటాడా?”

మా తమ్ముడు మంచం కోడు పట్టుకుని అలాగే నేల మీద కూచుండిపోయాడు. పట్టుచొక్కాతో, పొద్దుటి అక్షింతలు ఇంకా జుట్టులో ఉండగా. అంత పెద్ద మనిషి మొహం పదిహేడేళ్ల వాడి మొహంలా అయిపోయింది. “నేనడిగానా?” అన్నాడు. ఎవరిని అన్నాడో తెలియదు.

నేను కుర్చీ లోంచి లేచాను. “ఈ కాగితం దానికిస్తాను” అన్నాను.

“వదినగారూ, పెద్దోళ్లు మీరే ఇలాగంటే ఎలాగండి?” అన్నాడు మరిది. గొంతులో కోపం ఉంది, అంతకంటే ఎక్కువ ఆశ్చర్యం ఉంది.  తలుపు దగ్గరికెళ్లి గెడ లాగితే రాలేదు. కొత్త రంగుకు అంటుకుపోయింది. రెండు చేతులతో లాగాను. వెనక నుంచి మేనత్త, “పైకెత్తి లాగే, బేగి వస్తాది” అంది. పైకెత్తి లాగితే వచ్చింది.

పిల్ల పెరట్లో కుళాయి దగ్గర గ్లాసులు కడుగుతోంది. కాగితం ఇచ్చాను. తడి చేతులు పావడాకు తుడుచుకుని తీసుకుంది. చదవడం అయ్యేదాకా నేను అక్కడే నిలబడ్డాను. ఎగిరి నన్ను పట్టుకుంటుందనుకున్నాను కాబోలు. అది అలా ఏమీ చెయ్యలేదు. కాగితం మడతలు చూసింది. వెనక్కి తిప్పి పోస్టు ముద్ర కోసం వెతికింది.

“ఇదెప్పుడొచ్చింది పెద్దమ్మా?”

“మంగళవారం.”

“ఇయ్యాల ఆదివారం.”

“ఊ.”

“నాన్న జేబులో ఉందా? జేబులో పెట్టుకుని నాతో కలిసి బస్సులో వచ్చారా?”

నేను తల ఊపాను.

“మీకందరికీ తెలుసా?”

నాకు పది నిమిషాల క్రితమే తెలిసిందని చెప్పొచ్చు. అది నిజం కూడా. కాని ఆ పిల్ల అడిగింది నన్నొక్కదాన్నే కాదు. మొదటి బంతిలో కూచున్న వాళ్లందర్నీ అడిగింది. “తెలుసమ్మా,” అన్నాను. “మాకు తెలుసు.”

నా నోట్లోంచి ఆ ‘మాకు’ రావడం విని నేనే ఉలిక్కిపడ్డాను. అంతవరకూ నా జీవితమంతా పెద్దవాళ్లంటే ‘వాళ్లు’. ఆ పిల్ల నాకేసి చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. అందులో కృతజ్ఞత లేదు. పద్నాలుగేళ్ల కిందట, చింతపండు ముందర కూచున్నప్పుడు నాకు నిజం తెలిసి ఉంటే నేను మేనత్తను అలాగే చూసేదాన్ని. కాగితం జాకెట్లో దోపుకుంది. మిగిలిన గ్లాసులన్నీ కడిగి బోర్లించింది. అప్పుడు లేచి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లింది.

ఆ గదిలో తర్వాత ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. మరిది సాయంత్రం కాకుండానే ఒక్కడూ పాయకరావుపేట బస్సెక్కి వెళ్లిపోయాడు. మా చెల్లెలు నా దగ్గరకొచ్చి, “మంచి పని సేసావో, నా కాపురంలో నిప్పులు పోసావో తెలీడం లేదక్కా” అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అయితే అది ఏడుస్తున్నది కూతురి కోసం. నేను దేనికోసం ఏడుస్తున్నానో దానికి చెప్పలేదు.

నాకు ఆ సాయంత్రమంతా ఒక్కటే కళ్లముందు ఆడింది. డెబ్భైల చివర్లో ఒక ఏడాది పదో తరగతి పరీక్షలకు నాకు ఒక హైస్కూల్లో డ్యూటీ వేశారు. వరండాలో జవాబు కాగితాల కట్ట పట్టుకుని ఎదురొచ్చిన మనిషి ఆగిపోయాడు. కోటవురట్ల మేష్టారు. ఆయనకు అప్పటికే పెళ్లయిందని విన్నాను. “నమస్కారమండీ, బాగున్నారా?” అన్నారు. నల్లగా ఉందని వద్దన్న మనిషి ఏ మొహం పెట్టుకుని పలకరిస్తున్నాడని నాకు ఒళ్లు మండింది. మొహం తిప్పుకుని, అడుగు ఆపకుండా వెళ్లిపోయాను. ఆ మూడు గంటల డ్యూటీలో ఎదురుపడ్డ ప్రతిసారీ గోడ కేసి చూశాను. ఆయన రెండోసారి పలకరించలేదు.

రెండుసార్లు కబురు పెట్టిన మనిషి. నేనే కాదన్నానని ఆయనకు చెప్పి ఉంటారు. నా గురించి ఆయన ఏమనుకుని ఉంటారు? పెళ్లికి కాదన్నది సరే, నమస్కారానికి కూడా తగనని అనుకుందా ఈవిడ అని అనుకుని ఉంటారు. ఒక అబద్ధం నా ఒక్కదాని మీదే పడిందనుకున్నాను. ఆయన మీద కూడా పడింది. ఇది తట్టేసరికి చాపలు దులుపుతున్న వాళ్ల మధ్య అలాగే కూచుండిపోయాను. పెద్దవాళ్లకు అలసటగా ఉందని ఎవరో నాకు దిండు తెచ్చి ఇచ్చారు.

మేనత్త మర్నాడు పొద్దున్నే ట్రాక్టరు మీద గొలుగొండ వెళ్లిపోయింది. ఎక్కబోతూ, “కోపమొచ్చిందేటే?” అంది.

“వచ్చింది.”

“రావాల” అంది. ఎక్కి కూచుంది.

మూడు రోజులు మా చెల్లెలు నర్సీపట్నంలోనే ఉండిపోయింది. నాలుగో రోజు, బుధవారం పొద్దున్న, తను తెచ్చుకున్న ట్రంకు పెట్టెలోంచి తన చీరలన్నీ తీసేసి, కూతురి బట్టలు సర్దింది. మొగుణ్ని అడగలేదు, నన్నూ అడగలేదు. పిల్లను తీసుకుని విశాఖపట్నం బస్సెక్కింది. నేను బస్టాండుకు వెళ్లాను. బస్సు కదిలేటప్పుడు ఆ పిల్ల కిటికీ లోంచి నా చెయ్యి పట్టుకుంది. తుని సంబంధం ఇంకెక్కడో కుదిరింది. మరిది రెండేళ్లు నాతో మాట్లాడలేదు. పిల్లకు ఉద్యోగం వచ్చిన రోజు తనే వచ్చి స్వీటు పొట్లం చేతిలో పెట్టి, “మీ దానికి పోస్టింగొచ్చిందండి వదినగారూ” అన్నాడు. ఆ పాత సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మా పెద్ద తమ్ముడు మాత్రం మారిపోయాడు. నా ఇంటికి వచ్చినప్పుడల్లా తిండి తినకుండా వెళ్లేవాడు. నేను కంచం పెడితే, “ఒద్దక్కా, తినొచ్చాను” అనేవాడు. ఎందుకో నాకు తెలుసు. దాని గురించి మేమిద్దరం మాట్లాడుకోవడానికి చాలా కాలం పట్టింది. ఒక రోజు విసుగొచ్చి, “నేను వండింది నువ్వు తినకపోతే ఆ రోజుల్లో వండినది కూడా వృథాయే కదరా” అన్నాను. అప్పుడు కూచుని తిన్నాడు. తింటూ ఏడ్చాడు.

మేనత్త దగ్గరికి నేను దాదాపు ఏడాది వెళ్లలేదు. కబురు పంపితే పని ఉందన్నాను. వెళ్లకపోవడానికి కోపం ఒక్కటే కారణం కాదు. ఆవిడను అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. జవాబంటే భయం. చివరికి ఒక సెలవు రోజు బస్సెక్కాను. ఆవిడ వాకిట్లో మినుములు చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టి, చేతులు చీరకు తుడుచుకుంది.

నేను కూచోకుండానే అడిగాను. “నాన్నకి తెలుసా?”

ఆవిడ లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను తాగేదాకా ఆగింది.

“ఆడే అడిగేడే నన్ను,” అంది. “నానేటీ సెప్పలేను అప్పా, నువ్వే సెప్పు దానికి, అన్నాడు. మీ పెదనాన్నా, మీ బాబాయీ ఇచ్చీమన్నారు నిన్ను, మంచోడు, ఇచ్చీమన్నారు. మీ నాన్నే, ఇది ఎల్లిపోతే ఈ ఇద్దరు మగ గుంటలతో నానేటైపోతాను అని, ఆ గదిలో సిన్నపిల్లాడి లాగ ఎక్కెక్కి ఏడిసేడు. ఆడలా ఏడస్తంటే నానేటి సేస్తాను? నా తమ్ముడు కదే.”

మా నాన్న ఏడవడం నేనెన్నడూ చూడలేదు. అమ్మ పోయినప్పుడు కూడా చూడలేదు. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కచేరీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, నేను పెట్టింది తినేవారు. ఉప్పు ఎక్కువైనా తక్కువైనా ఒక్క మాట అనేవారు కాదు. ఉప్పు తెలియని మనిషి అనుకునేదాన్ని. నన్ను చూసి భయపడుతున్నారని అనుకోలేదు.

“అప్పటికి నాన్నకెన్నేళ్లు?” అన్నాను.

మేనత్త వేళ్ల మీద లెక్క పెట్టింది. “నలబై నాలుగో, నలబై అయిదో.”

నేను అరుగు మీద కూలబడ్డాను. నాకప్పుడు నలభై. నా కంటే నాలుగైదేళ్లు పెద్ద, అంతే. నా జ్ఞాపకంలో ఆయన ముసలివాడు. ఆ గదిలో తలుపు వేసుకున్న వాళ్లంతా నాకు ముసలివాళ్లే, అన్నీ తెలిసిన వాళ్లే. మా బళ్లో నాతో పాటు పనిచేసే వాళ్లలో నలభై అయిదేళ్ల వాళ్లు ముగ్గురున్నారు. వాళ్లకు ఏం తెలుసో నాకు తెలుసు. పెళ్లాం పోయి ఇద్దరు మగపిల్లలతో మిగిలిన ఒక గుమస్తా, కాస్త చేతకాని మనిషి, భయపడి ఏడ్చాడు. తమ్ముడి ఏడుపు చూడలేక అక్క ఒక మాట అనేసింది. అంతా కలిపి అంతే. నా మీద కుట్రలాంటిది ఏదో జరిగిందని ఏడాది పాటు కోపం పెంచుకున్నాను. అంత తెలివి అక్కడ ఎవరికీ లేదు.

దీంతో కోపం పోయిందంటే అబద్ధం. ఎవరి మీద పడాలో తెలియక ఆ కోపం ఆ అరుగు మీద నా పక్కనే కూచుంది.

“అన్నం తిని ఎల్లే” అంది మేనత్త.

తిన్నాను. ఆవిడ వండిన పనసపొట్టు కూరలో ఆవ ఎక్కువైంది. ఆ మాటే చెప్పాను. “ఎక్కువయ్యిందా? ఏదీ, నాకు నోరు తెలీడం మానీసింది,” అని నా కంచంలోంచే ఒక ముద్ద తీసుకుని రుచి చూసింది. నాలుగింటి బస్సుకు నాతో పాటు రోడ్డు దాకా నడిచి వచ్చింది. దారిలో వాళ్ల జీడితోట కాపు గురించీ, కోడలి మోకాళ్ల నొప్పుల గురించీ చెప్పింది.

బస్సు వస్తుంటే అడిగింది. “మల్లీ వస్తావేటి?”

“వస్తాను” అన్నాను. ఆ ఏడాది మూడుసార్లు వెళ్లాను.